న్యూజిలాండ్ చూసొచ్చాం, దగ్గరుండి చూపించిన వాళ్లందరికీ థాంక్స్

ఆక్లాండ్‌లో పది రోజులు, క్రైస్ట్‌చర్చ్‌లో ఆరు, చివర్లో వెల్లింగ్టన్‌లో రెండు. ఈ పద్దెనిమిది రోజుల్లో మమ్మల్ని ఎవరూ కొండల దగ్గరికీ సరస్సుల దగ్గరికీ తిప్పలేదు. ఈ కృతజ్ఞతలు అందుకే. వెళ్లి ఉండిపోవాలా వద్దా అని తేల్చుకోవడానికి వచ్చిన కుటుంబానికి ఏం చూపించాలో మీకు బాగా తెలుసు: బీరువా వెనక గోడ, నిరుడు జూలై కరెంటు బిల్లు, పొద్దున ఏడున్నరకి మోటార్‌వే. పేర్లు రాయొద్దన్నారు, రాయడం లేదు. ఏ మాట ఎవరిదో చదివితే మీకే తెలుస్తుంది. ఇంకో కుటుంబానికి పనికొస్తాయని మీరు చెప్పినవన్నీ వివరంగా పెడుతున్నాం.

"డిసెంబర్‌లో రండి, వాతావరణం బాగుంటుంది" అని పదిమంది అంటున్నప్పుడు "బాగుండనప్పుడే రండి, జూన్‌లో రండి" అన్న అక్కకి మొదటి దండం. డిసెంబర్, జనవరిల్లో అక్కడ బడులుండవు, ఆఫీసులు సగం ఖాళీ, ఆక్లాండ్ లోకల్ రైళ్లు మరమ్మతుల కోసం ఆపి బస్సులు నడుపుతుంటారు. ఆ నెలలో చూసింది పట్టుకుని నిర్ణయం తీసుకుంటే అది సెలవుల్ని చూసి తీసుకున్న నిర్ణయమే. జూన్‌లో చలి ఉంటుంది, వాన ఉంటుంది, క్రైస్ట్‌చర్చ్‌లో సాయంత్రం ఐదింటికే పొద్దుగుంకుతుంది, పగలు మొత్తం తొమ్మిది గంటలే. బడులు మాత్రం నడుస్తుంటాయి. జూలై మొదట్లో రెండు వారాలు సెలవులు కాబట్టి జూన్ కుదరకపోతే జూలై చివర్నుంచి ఆగస్టు దాకా పెట్టుకోవచ్చు. అప్పుడు మనకీ వాళ్లకీ తేడా ఆరున్నర గంటలు, వాళ్ల ఎండాకాలంలో గడియారం ముందుకు జరిపాక ఏడున్నర. మొదటి రెండు రోజులూ ఇళ్లు, బడులు చూడటం పెట్టుకోవద్దని చెప్పింది కూడా అక్కే. నిద్ర చాలని కళ్లకి మంచి ఇల్లు కూడా దిగులుగానే కనిపిస్తుంది.

వీసా కాగితాలు సరిచూసి పెట్టిన అన్నయ్య ముందే ఒకటి చెప్పారు: డబ్బు తీసుకుని సలహా చెప్పేవాళ్లు ఎవరైనా సరే, లైసెన్స్ నంబర్ అడగండి. న్యూజిలాండ్ వలస విషయాల్లో ఫీజు పుచ్చుకుని సలహా ఇవ్వాలంటే 2007 చట్టం ప్రకారం లైసెన్స్ ఉండాలి. అక్కడి లాయర్ల లాంటి కొందరికే మినహాయింపు. మన ఊళ్లో కూర్చున్న ఏజెంటుకి కూడా ఇదే వర్తిస్తుంది. ఇమ్మిగ్రేషన్ అడ్వైజర్స్ అథారిటీ సైట్‌లో పేరు కొడితే రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

విజిటర్ వీసా లెటర్‌లో "టూరిజం" అని ఒక్క ముక్క రాసి వదిలేయకుండా, ఊళ్లూ బడులూ చూసి తిరిగొస్తాం అని ఉన్నదున్నట్టు రాయించారు. దానికి తోడు తారీఖులవారీ ప్లాన్, ఆఫీసు లీవ్ లెటర్, పిల్లల బోనఫైడ్. మనిషికి నెలకి 1000 న్యూజిలాండ్ డాలర్లు చూపించాలి, బసకి ముందే కట్టేసి ఉంటే 400 చాలు. ఆ డబ్బు అప్లై చేసే ముందు వారం ఎక్కడినుంచో ఊడిపడినట్టు ఖాతాలో కనిపిస్తే ప్రశ్నలొస్తాయి, జీతం ఖాతా ఆరు నెలల స్టేట్‌మెంట్ మేలు. ఆ వీసా మీద అక్కడి కంపెనీకి పని చేయకూడదు. 2025 జనవరి 27 నుంచి మాత్రం మన కంపెనీ పనిని అక్కడినుంచి లాప్‌టాప్ మీద చేసుకోనిస్తున్నారు. అలా చేసేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోండి: మన తొమ్మిదిన్నర అక్కడ సాయంత్రం నాలుగు. మన ఆరున్నరకి పని ముగిస్తే అక్కడ అర్ధరాత్రి దాటి ఒంటిగంట.

విమానాశ్రయం సంగతి తొందరగా. ప్రయాణం మొదలయ్యే ముందు 24 గంటల్లోపు ట్రావెలర్ డిక్లరేషన్ ఆన్‌లైన్‌లో నింపాలి, దానికి ఫీజు లేదు. తినేది ఏదున్నా "ఉంది" అనే రాయాలి. రాసి చూపిస్తే మహా అయితే తీసి పారేస్తారు. రాయకుండా దొరికితే అక్కడికక్కడే 400 డాలర్లు. పచ్చి కరివేపాకు, పళ్లు, తేనె అసలు పెట్టుకోవద్దు. బూట్ల అడుగున మట్టి ఉన్నా ఆపుతారు, పాత టూత్‌బ్రష్‌తో గీకి తుడిచి తీసుకెళ్లండి.

ఇక ఇళ్లు. ఇక్కడ రుణపడింది ఎక్కువగా ఆక్లాండ్ బావగారికి. అద్దె ఇల్లు చూడ్డానికి ఏజెంట్ ఇచ్చేది పది పదిహేను నిమిషాలు. ఆ కాస్త టైములో కొత్త పెయింటూ కార్పెట్టూ చూసి మురిసిపోతే పైన పటారం, లోన లొటారం అయిపోతుంది. ఆయన చూడమన్న వరస ఇది. ముందు కర్టెన్ ఎత్తి అడుగు అంచు చూడాలి, నల్లటి చుక్కలుంటే అది బూజు. తర్వాత కిటికీ అల్యూమినియం ఫ్రేము కింద గాడిలో వేలు పెట్టి లాగాలి. నీళ్లో నల్లటి జిగురో అంటితే రాత్రుళ్లు అద్దానికి పట్టిన తేమ అక్కడ చేరుతోందన్నమాట. ఆ పైన దక్షిణం గోడకున్న బట్టల అరలో తలపెట్టి వాసన చూడాలి, సింక్ కింద తలుపు తీయాలి. చివరగా హీట్ పంప్ (గదిని వెచ్చబరిచే ఏసీ లాంటిది) వేయమనాలి. వేస్తే గదంతా వెచ్చబడుతుందా, దాని ముందు నిలబడ్డ మనిషే వెచ్చబడతాడా అన్నది ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

దక్షిణం గోడ ఎందుకంటే అక్కడ సూర్యుడు ఉత్తరం వైపునుంచి పోతాడు. తూర్పు వాకిలి ఉందా అని అడిగే మనం అక్కడ హాలు ఉత్తరానికి ఉందా అని అడగాలి. దక్షిణం గదులకి చలికాలమంతా ఎండ మొహం కనపడదు.

చట్టం మాత్రం గట్టిదే. 2025 జూలై 1 నుంచి ప్రైవేటు అద్దె ఇళ్లన్నీ హెల్తీ హోమ్స్ ప్రమాణాలకి తగ్గట్టు ఉండాలి: హీటింగ్, ఇన్సులేషన్, గాలి ఆడటం, నీరు చేరకపోవడం, సందుల్లోంచి చలిగాలి రాకపోవడం. హాల్లో ఉన్న హీటరు ఆ గదిని 18 డిగ్రీలకి తేగలగాలి. అగ్రిమెంట్‌తో పాటు ఆ స్టేట్‌మెంట్ ఇస్తారు, చదవాలి. అయితే హీటింగ్ ప్రమాణం హాలుకే, పడకగదులకి కాదు. ఈ తేడా బావగారు చెప్పేదాకా మాకు పట్టలేదు.

అందుకే ఆయన తేమ కొలిచే చిన్న మీటరు మా చేతిలో పెట్టారు. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, పైన ఉష్ణోగ్రత, కింద తేమ శాతం. పిల్లలు పడుకునే గదిలో రాత్రంతా ఉంచి తెల్లారి ఆరింటికి చూడమన్నారు. పడకగదిలో హీటరు లేని పాత చెక్క ఇంట్లో 13 డిగ్రీలు, 78 శాతం. ఇన్సులేషన్, డబుల్ గ్లేజింగ్ (కిటికీకి రెండు పొరల అద్దం) ఉన్న ఇంట్లో 18, 57. రెండూ ఒకే పేటలోవి, అద్దెల్లోనూ పెద్ద తేడా లేదు. చల్లటి గాలి తేమని మోయలేదు. మన ఊపిరి, వంట ఆవిరి, లోపల ఆరేసిన బట్టల తడి అంతా పోయి గోడకీ అద్దానికీ పడుతుంది. పొయ్యిగొట్టం లేని గ్యాస్ హీటరు పెడితే అది ఇంకొంత నీటి ఆవిరి వదులుతుంది. చలిలో రోజూ పొద్దున పావుగంట కిటికీలు తెరవమని వాళ్లు చెబితే మొదట విడ్డూరంగా అనిపిస్తుంది. కానీ బయటి చల్లగాలిలో నీళ్లు తక్కువ, లోపలికొచ్చి వేడెక్కగానే తేమ శాతం పడిపోతుంది. మీటరు మీద అది కళ్లారా కనిపించింది.

అద్దె అక్కడ వారానికి చెబుతారు. దాన్ని నాలుగుతో గుణించే తప్పు అందరూ చేసేదే. 650 డాలర్లయితే నాలుగు వారాలకి 2600, కానీ నెలకి పడేది 52తో గుణించి 12తో భాగిస్తే 2817. ఏడాదికి చూస్తే ఒక నెల అద్దె దాకా తేడా. చేరేటప్పుడు బాండ్ (డిపాజిట్) నాలుగు వారాల అద్దెకి మించకూడదు, అడ్వాన్స్ రెండు వారాలకి మించకూడదు. ఓనరు ఆ బాండ్‌ని 23 పనిదినాల్లో టెనెన్సీ సర్వీసెస్‌లో (అద్దె ఇళ్ల సంగతి చూసే ప్రభుత్వ విభాగం) జమ చేయాలి. ఏ పేటలో నిజంగా ఎంత అద్దెలు నడుస్తున్నాయో ఆ జమల లెక్కల్నిబట్టి వాళ్ల సైట్‌లోనే ఉంటుంది, ప్రకటనల్లో అడిగే రేట్ల కంటే అది నమ్మకం. కొనే ఆలోచన అయితే ఆగండి: విదేశీ పెట్టుబడుల చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత రెసిడెన్సీ లేని మనలాంటివాళ్లు ఇప్పటికే కట్టి ఉన్న ఇల్లు కొనడానికి మామూలుగా వీల్లేదు.

క్రైస్ట్‌చర్చ్‌లో నేల గురించి చెప్పిన ఇంజనీరు గారికి ప్రత్యేకంగా. 2011 ఫిబ్రవరి 22 భూకంపం తర్వాత అక్కడ నివాస భూముల్ని టీసీ1, టీసీ2, టీసీ3 అని విడదీశారు. అంకె పెరిగేకొద్దీ భూకంపంలో నేల మెత్తబడి కుంగే ముప్పు ఎక్కువ, పునాది ఖర్చు, ఇన్సూరెన్స్ ప్రశ్నలు ఎక్కువ. ఆక్లాండ్‌లో అయితే 2023 జనవరి 27 వరదల తర్వాత కౌన్సిల్ వరద మ్యాప్ చూడకుండా అద్దెకైనా దిగకూడదన్నారు. అడ్రసు కొడితే వాన నీళ్లు పారే దారి ఇంటి పెరట్లోంచి పోతుందో లేదో కనిపిస్తుంది.

బడుల విషయంలో గంటన్నర ఓపిగ్గా కూర్చున్న టీచరమ్మకి నమస్కారం. చాలా ప్రభుత్వ బడులకి జోన్ ఉంటుంది, అడ్రసు జోన్ లోపల ఉంటే సీటు హక్కు. రోడ్డుకి ఈ పక్క ఇల్లు లోపల, ఆ పక్క ఇల్లు బయట కావచ్చు. కాబట్టి ముందు బడి, తర్వాత ఇల్లు. ఇల్లు తీసుకుని బడి వెతికితే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. పిల్లల ఇళ్ల ఆర్థిక స్థితినిబట్టి బడికి ఇచ్చే పాత డెసైల్ నంబర్లు 2023 నుంచి లేవు, ఇంకా వాటిని చెప్పే వాళ్ల మాట పక్కన పెట్టండి. ఇప్పుడున్న ఈక్విటీ ఇండెక్స్ నిధుల లెక్క కోసం, చదువు ఎలా ఉందో చెప్పదు. దానికి బడుల్ని తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ ఎడ్యుకేషన్ రివ్యూ ఆఫీస్ రిపోర్టు చదవాలి. బడి చూడాలంటే రెండు మూడు వారాల ముందే మెయిల్ పెట్టాలి.

చిన్న పిల్లలకి పెద్ద ఇబ్బంది లేదు. ఐదేళ్లు నిండగానే చేరవచ్చు, ఆరేళ్లకి తప్పనిసరి. విద్యా సంవత్సరం జనవరి చివర్లో, ఫిబ్రవరి మొదట్లో మొదలవుతుంది కాబట్టి మన మార్చి పరీక్షలు రాయించి తీసుకెళ్తే మొదటి టర్మ్ చివర్లో పడతారు. చిక్కంతా పదహారు, పదిహేడేళ్ల వాళ్లతోనే. యూనివర్సిటీ ఎంట్రన్స్‌కి (పరీక్ష కాదు, చేరడానికి కావలసిన కనీస అర్హత) అక్కడి హైస్కూల్ సర్టిఫికెట్ ఎన్‌సీఈఏ మూడో లెవెల్‌తో పాటు మూడు సబ్జెక్టుల్లో ఒక్కోదానికి 14 క్రెడిట్లు కావాలి, మధ్యలో దిగితే కూడబెట్టడం కష్టం. పైగా తల్లో తండ్రో వర్క్ వీసా మీదుంటే పిల్లలకి బడిలో స్థానికుల లెక్కే గానీ, రెసిడెన్సీ రాకముందే యూనివర్సిటీకి వెళ్తే అంతర్జాతీయ ఫీజు. ఇంటర్ వయసు పిల్లలున్నవాళ్లు ఉద్యోగం కంటే ముందు ఈ లెక్క వేయాలని టీచరమ్మ ఒకటికి రెండుసార్లు అన్నారు.

నర్సుగా చేస్తున్న చెల్లెలు చెప్పింది: పేటలో జీపీ (ఫ్యామిలీ డాక్టర్) క్లినిక్ ఉండటం వేరు, అది కొత్తవాళ్లని చేర్చుకోవడం వేరు. హెల్త్‌పాయింట్ సైట్‌లో ఎవరు చేర్చుకుంటున్నారో ఉంటుంది. రెండేళ్లు, అంతకు మించిన వర్క్ వీసా ఉంటే ప్రభుత్వ వైద్యానికి అర్హత. చూసిపోయేవాళ్లకి అది లేదు, కాలు జారి పడితే మాత్రం ప్రమాదాల ప్రభుత్వ బీమా ఏసీసీ కవర్ చేస్తుంది. జ్వరానికి చేయదు కాబట్టి ట్రావెల్ ఇన్సూరెన్స్ మానొద్దు.

జీతం మాటల్లో రెండు మెలికలు విప్పిన తమ్ముడికి థాంక్స్. ఆఫర్‌లో "టోటల్ రెమ్యునరేషన్" అని ఉంటే అందులో కివీసేవర్ (రిటైర్మెంట్ పొదుపు పథకం)కి కంపెనీ కట్టే వాటా కలిపేసి ఉండొచ్చు. వర్క్ వీసా మీద ఉన్నంతకాలం మనం కివీసేవర్‌లో చేరలేం, మరి ఆ వాటా చేతికిస్తారా లేదా అని ముందే అడగాలి. కారు గురించి ఒక్క మాట: మన లైసెన్స్‌తో మొదట్లో నడపొచ్చు గానీ, మార్చుకోవాలంటే థియరీ, రోడ్డు టెస్టు రెండూ పాసవ్వాలి. ఏడేళ్లలోపు పిల్లలకి చైల్డ్ సీటు తప్పనిసరి, అద్దె కారుతో పాటే బుక్ చేసుకోండి.

నిర్ణయం ఇంకా తీసుకోలేదు. నిరుడు జూలైలో మీ మీ ఇళ్లకొచ్చిన కరెంటు బిల్లుల ఫోటోలు నాలుగు మా ఫోన్‌లో ఉన్నాయి, మా లెక్కల షీట్‌లో ఊహించి వేసిన అంకె పక్కన ఇప్పుడు అవి ఉన్నాయి. బావగారూ, మీ మీటరు ఆగస్టులో వచ్చే ఇంకో కుటుంబం కోసం క్రైస్ట్‌చర్చ్ అక్క దగ్గర వదిలాం. బ్యాటరీ కొత్తది వేశాం. వెనక స్టాండు కొంచెం వదులైంది, గోడకి ఆనించి పెట్టమని చెప్పండి.