చామంతి పేరున్న మేయరమ్మ

ఒరేయ్ బావా,

ఎలా ఉన్నావురా? అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? నేనిక్కడ తైవాన్‌లో, కావోషియుంగ్ ఊళ్లో బాగానే ఉన్నాను. ఉక్కపోత మన విజయవాడకి తీసిపోదు. పోయిన ఫోన్‌లో చెప్పబోయి ఆగిపోయిన సంగతి ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

రోజూ ఫార్మోసా బూలెవార్డ్ అనే స్టేషన్‌లో మెట్రో మారతాను. దాని లోపలి కప్పు 30 మీటర్ల వెడల్పున, అంతా రంగు గాజే. అందరిలాగే నేనూ దాని కింద ఫొటో దిగాను. ఆ పేరెందుకు పెట్టారని మా ల్యాబ్‌లో అడిగితే ఈ ఊరి మాజీ మేయరమ్మ చెన్ చూ కథ బయటపడింది. ఇక వారం రోజులుగా నా మనసంతా అక్కడే ఉంది.

1979 డిసెంబరు 10. మానవ హక్కుల దినం. అప్పుడిక్కడ మార్షల్ లా, అంటే సైనిక చట్టం, కొత్త పార్టీ పెట్టడమే నేరం. ప్రభుత్వాన్ని ఎదిరించే 'ఫార్మోసా' పత్రిక వాళ్లు, ఇప్పుడా స్టేషన్ ఉన్న కూడలిలో సభ పెడితే పోలీసులు చుట్టుముట్టారు, కొట్లాట అయింది. తర్వాత ఎనిమిది మందిని మిలిటరీ కోర్టులో నిలబెట్టారు. వాళ్లలో చెన్ చూ ఒకరు. ఇలాన్ జిల్లా రైతుబిడ్డ. అరెస్టు నాటికి 29 ఏళ్లు. ఉరి తప్పదనుకుని వీలునామా కూడా రాసుకున్నారు. 12 ఏళ్ల శిక్ష పడింది, ఆరేళ్లు దాటాక 1986లో వదిలారు. మన వయసు తలుచుకో బావా. ఆ వయసులో మనం ఉద్యోగం రాలేదని దిగులుపడుతున్నాం.

బయటికొచ్చాక తైపేలో, తర్వాత ఈ ఊళ్లో సాంఘిక సంక్షేమ శాఖ చూశారు. ఇక్కడ అప్పటి మేయర్ ఫ్రాంక్ షియే ఎవరనుకున్నావ్? ఆ కేసులో నిందితుల తరఫున వాదించిన లాయర్లలో ఒకాయన! 2000లో చెన్ చూ కార్మిక మంత్రి అయ్యారు. 2005లో ఇదే మెట్రో పనికి తెచ్చిన థాయ్ కూలీలు, తమని ఉంచిన తీరు భరించలేక తిరగబడ్డారు. ఆవిడ బాధ్యత తనదేనని రాజీనామా చేశారు. అది చదువుతుంటే దుబాయ్ క్యాంపు గురించి మీ అన్నయ్య చెప్పిన మాటలే చెవుల్లో మోగాయి. అక్కడ అలా దిగిపోయినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

2006లో మేయర్‌గా గెలిచారు. ఎంత తేడాతోనో తెలుసా? 1,114 ఓట్లు! కింది కోర్టు ఆ ఎన్నిక చెల్లదంది, పైకోర్టు చెల్లుతుందంది. 2008లో మెట్రో నడవడం మొదలైంది. తనని జైలుకి పంపిన కూడలి కింద స్టేషన్ తెరుచుకునేటప్పటికి ఊరికి మేయర్ ఆవిడే. ఈ ఒక్క ముక్క నీకు చెప్పాలనే ఇంత ఉత్తరం.

చూ అంటే చైనీస్‌లో చామంతి. జనం 'హువా మా' అంటారు, అంటే పూలమ్మ అనుకో. జపాన్ కార్టూన్‌లోని ఒక తల్లి పాత్రలా ఉంటారని ఆ ముద్దుపేరు.

అన్నీ మెచ్చుకునేవే అని చెప్పను. 2010లో తుఫాను ఊరిని ముంచుతున్న మధ్యాహ్నం అధికార నివాసంలో కునుకు తీశారని జనం మండిపడ్డారు, అది న్యాయమైన కోపమే. 2014 జులై 31 రాత్రి ఇంకా ఘోరం. భూమిలో ప్రొపిలీన్ అనే మండే గ్యాస్ పైపు లీకై రోడ్లు పేలిపోయాయి, 32 మంది చనిపోయారు. వీధుల కింద అలాంటి పైపులున్నాయని మామూలు జనానికి ఏం తెలుసు! పైపు వెళ్లింది మురుగుకాలువ లోంచి, అక్కడే తుప్పు పట్టింది. ఆ తప్పు పాతదే అయినా, ఎనిమిదేళ్లుగా కుర్చీలో ఉన్నది ఆవిడేగా, ముందే చూసి ఉండాల్సింది అని నాకనిపిస్తుంది. ఊరు మాత్రం ఆ నవంబరులోనే 68 శాతం ఓట్లిచ్చి మళ్లీ గెలిపించింది.

2018 ఏప్రిల్‌లో మేయర్ పదవి వదిలి ప్రెసిడెంట్ ఆఫీసులో సెక్రటరీ జనరల్‌గా చేరారు. ఆ ఏడాదే వాళ్ల పార్టీ 20 ఏళ్ల పట్టున్న ఈ ఊళ్లో ఓడిపోయింది. 2020లో జాతీయ మానవ హక్కుల కమిషన్‌కి మొదటి అధ్యక్షురాలు ఆవిడే అయ్యారు.

నువ్వు టికెట్ ఎప్పుడు కొంటావో రాయి. వచ్చాక ఆ గాజు కప్పు చూద్దాంలే. ముందు మాత్రం మెట్లు దిగకుండా పైన కూడలిలో కాసేపు నిలబడదాం.

ఉంటానురా,
నీ బావ