టూల్ ఎంచుకునే ముందు బయటికి దారి చూడండి

సంపాదకులు గారికి నమస్కారం.

సాఫ్ట్‌వేర్ టూల్స్‌ను పోల్చే వ్యాసాలు చాలావాటిలో ఒకే రకం పట్టిక ఉంటుంది. ఎడమన ఫీచర్లు, పైన టూల్స్ పేర్లు, మధ్యలో టిక్కులు. చివర మార్కులు కూడి ఎక్కువొచ్చినదాన్ని తీసుకోమంటారు. చిక్కంతా ఆ కూడికలోనే ఉంది. సింగిల్ సైన్-ఆన్ (ఒకే లాగిన్‌తో అన్ని టూల్స్‌లోకీ వెళ్లే సౌకర్యం) తప్పనిసరైన చోట, అది లేని టూల్ మిగతా ఇరవై ఫీచర్లలో ఎన్ని మార్కులు తెచ్చుకున్నా పనికిరాదు. తప్పనిసరి షరతులు నాలుగైదు ముందే రాసుకుని, ఒక్కటి తప్పినా పక్కన పెట్టేయాలి. మిగిలిన రెండు మూడింటినే వాడి చూడాలి.

అదీ అమ్మేవాళ్ల డెమో ప్రాజెక్టు మీద కాదు, మీ దగ్గరున్న అన్నిటికన్నా పాత, పెద్ద కోడ్ మీద. బిల్డ్ (కోడ్‌ను నడిచే ప్రోగ్రాముగా మార్చడం) వేగాన్ని ఒకే మెషీన్ మీద, క్యాష్ (గత బిల్డ్ నుంచి దాచుకున్న ఫలితాలు) చెరిపేసి ఒక రకంగా, ఒక్క ఫైలే మార్చి మరో రకంగా, విడివిడిగా కొలవాలి. ఒక్కోటి ఐదుసార్లు నడిపి సగటు కాకుండా మధ్యగతం తీసుకోవాలి. ఈ రెండు రకాల కొలతలూ కలిపేస్తే క్యాష్ పుణ్యం టూల్ ఖాతాలో పడుతుంది.

కోడ్‌లో తప్పులు పట్టే టూల్‌కైతే ఇంకా గట్టి పరీక్ష ఉంది. మీరు ఇప్పటికే సరిదిద్దిన బగ్‌లు ఓ ముప్పై తీసుకుని, ఒక్కోదానికీ దిద్దకముందున్న కమిట్‌కు (అప్పట్లో భద్రపరిచిన కోడ్ ప్రతికి) వెళ్లి టూల్ నడపండి. ఎన్ని పట్టిందో తేలిపోతుంది. తర్వాత అది ఇచ్చిన హెచ్చరికల్లో ఏరకుండా ఓ యాభై తీసి, ఉత్తుత్తివి ఎన్నో కూర్చుని చూడండి. సగం ఉత్తుత్తివైతే డెవలపర్లు త్వరలోనే చదవడం మానేస్తారు, అసలైనవీ వాటితో పాటే పోతాయి.

ఎక్కువమంది పరీక్షించకుండా వదిలేసేది టూల్ నుంచి బయటపడే దారి. సర్వర్ల ఏర్పాటును కోడ్‌గా రాసుకునే టెరాఫామ్ లైసెన్సు 2023 ఆగస్టులో, డేటాను మెమరీలో ఉంచే రెడిస్‌ది 2024 మార్చిలో షరతులు బిగిసేలా మారాయి. అప్పటిదాకా రెండూ ఓపెన్ సోర్స్ కనుకే ఓపెన్‌టోఫు, వాల్కీ అనే ఫోర్కులు (అదే కోడ్ నుంచి వేరుపడి నడిచే ప్రాజెక్టులు) పుట్టగలిగాయి. కోడ్ బయటపెట్టని టూల్‌కు ఆ వెసులుబాటు లేదు. 2022 డిసెంబరులో కోడ్ రాసుకునే ఆటమ్ ఎడిటర్ ఆగిపోయింది. ఎడిటరంటే ఎవరికి వారు మార్చుకుంటారు, పెద్ద బాధేం కాదు. బగ్ ట్రాకర్ (తప్పులను, పనులను టికెట్లుగా నమోదు చేసే టూల్) సంగతి వేరు. కోడ్ మార్పులను నమోదు చేసే గిట్‌లో పూర్తి క్లోన్ (నకలు) తీస్తే కోడ్ చరిత్రంతా వెంట వస్తుంది గానీ, పుల్ రిక్వెస్టుల (మార్పును చేర్చమనే ప్రతిపాదనల) మీది చర్చలు, టికెట్లకు జోడించిన ఫైళ్లు, టికెట్ల మధ్య లింకులు రావు. సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టిక ఫైల్) ఎగుమతి ఉందన్న మాట నిజమే కావచ్చు, అందులో శీర్షిక, స్థితి, తేదీ మాత్రమే ఉండొచ్చు. ట్రయల్ గడువులోనే ఓ వంద టికెట్లు ఎగుమతి చేసి, మరో టూల్‌లోకి దించి, ఏవి రాలిపోయాయో చూసుకోవాలి. సీఐ (కోడ్ మారినప్పుడల్లా బిల్డ్, పరీక్షలు తానే నడిపే వ్యవస్థ) విషయంలో బిల్డ్ ఆదేశాలన్నీ స్క్రిప్టులో ఉంచి, సీఐ ఫైల్లో ఆ స్క్రిప్టును పిలవడం వరకే రాస్తే, టూల్ మారినప్పుడు తిరగరాసేది కొన్ని వరసలే.

మీ పత్రికలో ఇకమీదట టూల్స్ పోలికలు వేసినప్పుడు, ఎగుమతి చేసి చూస్తే ఏం వచ్చిందో, ఏం రాలేదో ఒక వరసైనా చేర్చమని మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు