ప్లేట్‌లెట్స్ ఇచ్చిన తమ్ముడికి

తమ్ముడూ, నీ పేరు అడగడం కూడా మర్చిపోయాను. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి బయట నేను ఏడుస్తుంటే "ఏమైందక్కా?" అని ఆగావు. మా బాబుకి అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా, అంటే ఒక రకం రక్త క్యాన్సర్. కీమో మొదలయ్యాక, రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్లేట్‌లెట్స్ 8 వేలకు పడిపోయాయి, చిగుళ్ల నుంచి రక్తం ఆగడం లేదు.

ప్లేట్‌లెట్స్ 5 రోజులకు మించి నిల్వ ఉండవని, అందుకే దాతలు ఎప్పటికప్పుడు కావాలని నాకు చెప్పింది నువ్వే. ప్లేట్‌లెట్స్ తీసే మిషన్ పక్కన గంటన్నర పడుకుని, పిడికిట్లో మెత్తటి బంతి నొక్కుతూ, "కీమోకి ఇలా పడిపోవడం మామూలేనక్కా, మళ్లీ పెరుగుతాయి" అని నాకే ధైర్యం చెప్పావు. సంచిలోకి పసుపు రంగులో చేరుతుంటే అలా చూస్తూ ఉండిపోయాను.

ఆ రాత్రి రక్తం ఆగింది. బాబు నిద్రపోయాడు. నీకు చాలా చాలా థ్యాంక్స్ తమ్ముడూ, నువ్వు చల్లగా ఉండాలి.