బరువు తూచారు సరే, నడుము ఎవరు కొలుస్తారు?

సంపాదకులకు,

ఈ మధ్య మా కాలనీలో పెట్టిన ఉచిత వైద్య శిబిరంలో షుగర్, బీపీ చూశారు, బరువు తూచారు. టేపు మాత్రం ఎవరి చేతిలోనూ కనిపించలేదు. కాళ్లూ చేతులూ సన్నగా ఉండి పొట్ట ముందుకొచ్చిన ఒకాయనకు "మీ బరువు కరెక్టుగానే ఉందండీ" అని చెప్పి పంపేశారు. డిగ్రీ కాలేజీలో జీవరసాయన శాస్త్రం చెప్పినవాణ్ని కనుక ఊరుకోలేక ఈ లేఖ రాస్తున్నాను.

మిగిలిన తిండి వచ్చి చేరే గోదాము మాత్రమే కొవ్వు అని చాలామంది అనుకుంటారు. నిజానికి అది హార్మోన్లు విడుదల చేసే కణజాలం. కొవ్వు కణాలు అతిగా ఉబ్బితే వాటికి ఆక్సిజన్ సరిగా అందదు, కొన్ని చచ్చిపోతాయి. అప్పుడు కణాలు పంపే ఎంసీపీ-1 లాంటి రసాయన సంకేతాలకు రక్తంలోంచి తెల్లకణాలు వచ్చి చేరి, మాక్రోఫేజ్‌లుగా, అంటే చెత్తను మింగే కణాలుగా మారి చచ్చిన కణం చుట్టూ మూగుతాయి. సన్నగా ఉన్నవారి కొవ్వులో ఇవి 10 శాతం లోపే. బాగా లావైనవారిలో 40 శాతం దాకా ఉంటాయని 2003లో తేలింది. అవి వదిలే, ఒంట్లో వాపును రేపే టీఎన్‌ఎఫ్-ఆల్ఫా వంటి పదార్థాలు జేఎన్‌కే అనే ఎంజైమును రెచ్చగొడతాయి. అది ఇన్సులిన్ కబురును కణం లోపలికి చేరవేసే ప్రోటీనుకు చేర్చకూడని చోట ఫాస్ఫేటును చేరుస్తుంది. ఇన్సులిన్ ఉన్నా కణం సరిగా స్పందించదు, రక్తంలో షుగర్ పెరుగుతుంది. ఊబకాయపు ఎలుకల్లో టీఎన్‌ఎఫ్-ఆల్ఫాను అడ్డుకుంటే ఇన్సులిన్ మళ్లీ బాగా పనిచేసిందని 1993లోనే హోతామిస్లిగిల్, స్పీగెల్‌మన్ అనే శాస్త్రవేత్తల బృందం చూపించింది. మనుషుల్లో మాత్రం అదే ఉపాయం ఆశించినంత ఫలించలేదు. "ఒంట్లో వాపు తగ్గించి షుగర్‌ను తరిమేస్తాం" అని పొడులమ్మేవాళ్లు ఈ రెండో ముక్క చెప్పరు.

ఈ గొడవ ఎక్కువగా పొట్ట లోపల, పేగుల చుట్టూ పేరుకునే కొవ్వుతోనే. దాని ఆచూకీ కాటా చెప్పలేదు. పుణె వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యుడ్కిన్ 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో తమ ఫొటో పక్కపక్కనే వేసుకున్నారు. ఇద్దరి బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే అంకె) ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం! మన సన్నకాయం వెనకున్న సంగతి ఇది. మనవాళ్లకు అధిక బరువుకు బీఎంఐ హద్దును 25 నుంచి 23కు తగ్గించి, మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్ల నడుము హద్దు పెట్టింది కూడా అందుకే.

విచిత్రమేమిటంటే ప్రభుత్వానికి ఇది తెలియక కాదు. 30 ఏళ్లు దాటినవారి కోసం ఆశా కార్యకర్తలు నింపే ఫారంలో నడుము కొలత ప్రశ్న ఉంది, దానికి మార్కులూ ఉన్నాయి. ఆ గడిని నిజంగా కొలిచి నింపుతున్నారా, కంటి అంచనాతో కానిచ్చేస్తున్నారా అన్నదే నా అనుమానం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం ఆంధ్రప్రదేశ్ మహిళల్లో 36.3 శాతం, తెలంగాణ మహిళల్లో 30.1 శాతం అధిక బరువు ఉన్నవారే. అదీ 25 బీఎంఐ లెక్కన. 23 లెక్కన చూస్తే ఇంకా పెరుగుతుంది.

మీ పత్రికను కూడా ఒక మాట అడగాలి. ఆదివారం అనుబంధంలో పొట్ట కొవ్వు "పీల్చేసే" ప్రకటనలు వస్తుంటాయి. 2004లో అమెరికాలో 15 మంది ఊబకాయ మహిళలకు పొట్ట మీది చర్మం కింద కొవ్వు సుమారు 10 కిలోలు తీసి చూశారు. ఇన్సులిన్ పనితీరులో గానీ, రక్తంలోని వాపు సూచికల్లో గానీ చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. అందానికైతే వాళ్లిష్టం. ఆరోగ్యం పేరుతో వచ్చే ప్రకటన వేసేముందు కాస్త విచారించండి.

వైద్య, ఆరోగ్య శాఖ చేయాల్సింది పెద్ద ఖర్చుతో కూడిన పనేమీ కాదు. ప్రతి శిబిరానికీ ఒక టేపు ఇవ్వాలి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ నడిమధ్యన, ఊపిరి వదిలాక ఎలా కొలవాలో సిబ్బందికి నేర్పాలి. చేతికిచ్చే చీటీలో బీపీ, షుగర్ పక్కన ఆ అంకె కూడా రాయాలి.

— విశ్రాంత అధ్యాపకుడు, గుంటూరు