14 అడుగుల తెరచాప పడవకు పంపిన రిగ్గింగ్ (తీగలు, తాళ్ల) సెట్‌పై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: తీగ, తాడు, టర్న్‌బకిళ్లు (తీగను బిగించే మర బిగింపులు) ఆర్డరు ప్రకారం లేకపోవడం, మార్చి ఇవ్వడం గురించి.

అయ్యా,

మేము ఆర్డరు చేసింది 3 మి.మీ. స్టెయిన్‌లెస్ తీగ, 1×19 అల్లిక. మీ బిల్లులోనూ అదే రాసి ఉంది. వచ్చింది 7×19. రెండూ ఒకేలా మెరుస్తాయి కాబట్టి చూడగానే తెలియదు. ఫెరూల్ (తీగ కొసను పట్టే లోహపు గొట్టం) కింద బయటికొచ్చిన కొసను విప్పి లెక్కపెడితే తేలింది. 1×19లో లావుపాటి పోగులు పంతొమ్మిదే ఉండాలి. ఇందులో ఏడు పాయలు, పాయకు పంతొమ్మిది సన్నపోగులు, వెరసి 133. కప్పీ మీద తిరగాల్సిన చోట ఇది మంచి తీగే. మాస్ట్‌ను (తెరచాప స్తంభాన్ని) నిలబెట్టే ష్రౌడ్‌కు (పక్క తీగకు), ఫోర్‌స్టేకు (ముందు తీగకు) మాత్రం పనికిరాదు, సాగుతుంది.

ఫోన్ చేస్తే మీ వాళ్లు "టర్న్‌బకిల్ ఇంకో నాలుగు చుట్లు బిగించండి" అన్నారు. బిగిస్తే పోయే తప్పు కాదిది. గాలి పెరిగినకొద్దీ గాలి తగిలే పక్క ష్రౌడ్ సాగి, మాస్ట్ అవతలికి వాలుతుంది, అవతలి ష్రౌడ్ ఊగులాడుతుంది. అది కాస్త వదులైతే తప్పులేదు, చేతితో తోస్తే జానెడు కదలకూడదు. ఫోర్‌స్టే కూడా అలాగే వెనక్కి వంగితే జిబ్ (ముందు తెరచాప) పొట్ట పెరిగి, పడవ గాలికి ఎదురుగా ఎక్కలేదు. తీగ సాగేదైనప్పుడు ఒడ్డున ఎంత బిగించినా, ఆ బిగువంతా మాస్ట్ అడుగున పడవ మీద భారమై కూర్చుంటుంది తప్ప నీళ్ల మీద నిలవదు.

రెండు ష్రౌడ్‌లనూ ఒకే మేకుకు వేలాడదీసి చూశాం. కుడిది 14 మి.మీ. పొట్టి. మెయిన్ హాలియార్డ్‌తో (పెద్ద తెరచాపను పైకెత్తే తాడుతో) టేపు పైకెక్కించి, రెండు చైన్‌ప్లేట్ల (ష్రౌడ్‌లను పడవకు తగిలించే పట్టీల) దగ్గరా కొలత ఒకటి వచ్చేదాకా సరిచేస్తే, కుడి టర్న్‌బకిల్‌లో మర రెండు చుట్లే పట్టి ఉంది. దాని మీద మాస్ట్ నిలబెట్టడం ప్రమాదం.

పైగా ఆ టర్న్‌బకిళ్లకు స్ప్లిట్ పిన్ రంధ్రాలే లేవు, లాక్‌నట్లు మాత్రమే ఇచ్చారు. పడవ అదిరే అదురుకు లాక్‌నట్ తనంతట తానే వదులవుతుంది. మర కొసలకు అడ్డంగా పిన్ దూర్చి, చివరలు విడదీసి, తెరచాపకు గుచ్చుకోకుండా టేపు చుట్టడం ఈ పని తెలిసినవారందరూ చేసేదే. మీరిచ్చిన క్లెవిస్ పిన్ రింగులు (తీగను తగిలించే పిన్ జారకుండా పట్టేవి) రెండు వారాల్లో ఎర్రగా తుప్పుపట్టాయి. ఇక్కడివి నాగార్జునసాగర్ నీళ్లు, కృష్ణ నీళ్లు, సముద్రం కాదు. మంచినీళ్లలోనే తుప్పుపట్టేదాన్ని స్టెయిన్‌లెస్ అనడం ఎలా?

హాలియార్డ్ సంగతి చిన్నదే. ముందే సాగదీసిన పాలియెస్టర్ అడిగాం, 6 మి.మీ. నైలాన్ పంపారు. ఒడ్డున ఎంత లాగి క్లీట్‌లో (తాడును పట్టి ఉంచే బిగింపులో) వేసినా, గాలి పట్టగానే తెరచాప తల దిగి ముందంచు పొడవునా అడ్డ ముడతలు పడతాయి. పొట్ట వెనక్కి జరిగి పడవ ఒరుగుతుంది. కనింగ్‌హామ్ (ముందంచును కిందికి లాగే తాడు) లాగితే కొంత సర్దుకుంటుంది కానీ, ఎండాకాలం సాయంత్రం దుమారం లేచినప్పుడు దాన్ని లాగడానికి చెయ్యి ఎక్కడ ఖాళీ?

కాబట్టి 1×19 తీగతో రెండు ష్రౌడ్‌లు, ఒక ఫోర్‌స్టే పంపండి. ష్రౌడ్‌ల మధ్య తేడా 2 మి.మీ. మించకూడదు. పిన్ రంధ్రాలున్న టర్న్‌బకిళ్లు, నిజమైన స్టెయిన్‌లెస్ రింగులు, 14 మీటర్ల పాలియెస్టర్ తాడు కూడా పంపండి. పాత సామాన్లు మీ ఖర్చుతోనే తీసుకుపోవాలి. ఫొటోలు, బిల్లు నకలు జతచేశాం. పోగులు లెక్కపెట్టిన కొసను దాచి ఉంచాం. 15 రోజుల్లో జవాబు రాకపోతే 1915కు (జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు) ఫోన్ చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద నల్లగొండ జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేస్తాం.

ఇట్లు,
పడవ యజమానులు,
హిల్ కాలనీ, నాగార్జునసాగర్,
నల్లగొండ జిల్లా