తమ్ముడి కణాలు లెక్కపెట్టిన మేడమ్‌కి

మా తమ్ముడికి మూలకణాల ట్రాన్స్‌ప్లాంట్ అయి ఈరోజుకి వంద రోజులు. అర్ధరాత్రి ఫోన్ ఎత్తినవాళ్లకి, డబ్బు సర్దినవాళ్లకి, ప్లేట్‌లెట్లు ఇచ్చిన వాడి కాలేజీ స్నేహితులకి చేతులెత్తి దణ్ణం పెడుతున్నాను. ప్లేట్‌లెట్లు నాలుగైదు రోజులకి మించి నిలవ ఉండవు. అందుకే పిల్లలు వంతులేసుకుని మరీ వచ్చారు. మీ రుణం తీరేది కాదు.

ఇంకొకరి గురించి విడిగా చెప్పాలి. ల్యాబ్‌లో క్రోమోజోములు చూసే మేడమ్. తమ్ముడు ఆవిడని ఇంతవరకూ చూడనే లేదు.

వాడికి 29 ఏళ్లు. అక్యూట్ మైలాయిడ్ లుకేమియా (ఏఎమ్ఎల్) అనే బ్లడ్ క్యాన్సర్ అన్నారు. పరీక్షకి ఎముకలోని మూలుగు తీసిన చోట పొరపాటున ఊదారంగు మూత ట్యూబులో పంపారు. క్రోమోజోములు చూడాలంటే కణాలు బతికుండాలి, దానికి గడ్డకట్టనివ్వని హెపారిన్ మందు ఉన్న ఆకుపచ్చ మూత ట్యూబు కావాలి. "కణాలు పెరగలేదు" అని రాసి పంపేస్తే ఆవిడ పని అయిపోయేది. అలా చేయకుండా నాకు ఫోన్ చేశారు. "కీమో మొదలవకముందే మళ్లీ తీయించండమ్మా" అన్నారు. రెండోసారి సూది దిగుతుంటే వాడు నా చెయ్యి నలిపేశాడు.

20 కణాలు చూస్తే 17 కణాల్లో 6వ క్రోమోజోము ముక్క 9కి, 9వ దాని ముక్క 6కి అతుక్కుని ఉన్నాయి. ఏఎమ్ఎల్ వచ్చిన నూరు మందిలో ఒకరికి ఉంటుందట ఇది. కీమోకి అణిగినా తిరగబెట్టే రకం. మొదటి కీమోకే తగ్గింది. "బాగానే ఉన్నానుగా అక్కా, ఇంకా ట్రాన్స్‌ప్లాంట్ ఎందుకు?" అన్నాడు వాడు. ఆ రిపోర్టు చేతిలో లేకపోతే మేమూ అదే అనుకుని ఇంటికి తీసుకొచ్చేసేవాళ్లం.

అమ్మ మాత్రం, లోపం తన కడుపులోనే ఉందేమోనని కుమిలిపోయింది. మేడమ్ అమ్మని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, చారలు చారలుగా ఉన్న ఆ క్రోమోజోములు చూపించారు. "ఇది పుట్టుకతో వచ్చింది కాదమ్మా, మూలుగులో తర్వాత వచ్చింది. ఈ మూడు కణాలు చూడండి, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మీరిచ్చినవి ఇవి" అన్నారు. ఎన్నాళ్లకో ఆ రాత్రి అమ్మ అన్నం తింది.

మూలకణాలు మా చెల్లి ఇచ్చింది. మొన్న మళ్లీ మూలుగు పరీక్ష చేశారు. మేడమే ఫోన్ చేసి చెప్పారు: 20కి 20 ఎక్స్ఎక్స్, అంటే ఆడవాళ్ల కణాలు, అన్నీ చెల్లివే. స్పీకర్‌లో పెట్టి అమ్మ కోసం రెండోసారి చెప్పించుకున్నాం.