విత్తనం సంచి మీద ఉల్లికోడు మాట కూడా రాయించండి

సంపాదకుడికి,

అయ్యా,

పోయిన వానాకాలం మూడెకరాల్లో సన్నాలు వేశాను. చెరువు నిండటం ఆలస్యమై, నాట్లు పడేసరికి ఆగస్టు మూడో వారం వచ్చింది. నెల తిరగకముందే, కలుపు తీస్తున్న అక్క ఒకామె మడిలోంచి ఒక పిలక పీక్కొచ్చి నా చేతిలో పెట్టింది. "తమ్మీ, నీ మళ్ల గొట్టాలు పడ్డయి" అంది.

వరి పండించేవాళ్లకు ఆ మాటతోనే గుండె జారిపోతుంది. ఆకు విచ్చుకోవాల్సిన చోట ఉల్లి ఆకులా గుండ్రంగా, వెండిలా తెల్లగా మెరుస్తూ ఒక గొట్టం. ఉల్లికోడు అనే పురుగు పని ఇది. గోటితో నిలువునా చీల్చి చూశాను. లోపలంతా బోలు. గొట్టం అడుగున మాత్రం బియ్యపు గింజలో సగం ఉంటుందో ఉండదో, లేత ఎరుపు పురుగు ఒకటి కదులుతోంది. ఇంకో గొట్టం తీసుకున్నాను. దాని కొన దగ్గర సూదితో పొడిచినట్టు బెజ్జం, ఆ బెజ్జంలోంచి సగం బయటికి వేలాడుతున్న పల్చటి పొర. పురుగు దోమగా మారి, ఆ పొరను అక్కడే విడిచి ఎగిరిపోయిందన్నమాట. ఈపాటికి పక్క మడిలో గుడ్లు పెట్టి ఉంటుంది.

పురుగుమందుల దుకాణంలో అడిగితే "ఏం కాదన్నా, గుళికలు చల్లు, వారంలో తేరుకుంటది" అన్నారు. చల్లాను. తేరుకోలేదు. మళ్లీ చల్లాను. ఒక్కసారి గొట్టంగా మారిన పిలక ఏ మందు వేసినా తిరిగి కంకి వేయదని ఆ తర్వాత పరిశోధనా స్థానం శాస్త్రవేత్త ఒకరు చెబితే తెలిసింది. ఆ మాట నాకు ముందే తెలిసి ఉంటే ఆ డబ్బులు మిగిలేవి. ఇది నా ఒక్కడి గోడు అయితే మీకు రాసేవాణ్ణి కాదు. మా చుట్టుపక్కల ఆలస్యంగా నాటిన మళ్లన్నీ ఇలాగే ఉన్నాయి.

ఉల్లికోడు పని ఎలా జరుగుతుందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను అడగబోయేది దాని మీదే ఆధారపడి ఉంది. ఇది చూడటానికి మామూలు దోమలాగే ఉండే చిన్న ఈగ. రాత్రిపూట తిరుగుతుంది, దీపానికి వస్తుంది. బతికేది కొద్ది రోజులే, కానీ ఆ కొద్ది రోజుల్లోనే వందకు పైగా గుడ్లు పెడుతుంది. మబ్బు పట్టి, ముసురు కురుస్తూ, ఆకుల మీద తడి ఆరకుండా ఉంటే దానికి పండగ. గుడ్డులోంచి వచ్చిన పురుగు ఆ తడిలోనే జారుతూ పిలక మొదట్లోని అంకురం దగ్గరికి చేరుతుంది. అది కాండాన్ని కొరికి తినదు. దాని నోట్లోంచి వచ్చే రసాయనమే మొక్కను దారి తప్పిస్తుంది. ఆకు కావాల్సిన కణాలు గొట్టంగా పెరిగి, పురుగుకు ఇల్లు కట్టిపెడతాయి. మొక్క తన చేతులతో తానే శత్రువుకు గూడు అల్లినట్టు. మూడు వారాల్లో ఒక తరం పూర్తవుతుంది. దెబ్బ తిన్న దుబ్బు పాపం ఇంకా పిలకలు వేస్తుంది, ఆ కొత్త పిలకల్లోకి తర్వాతి తరం దిగుతుంది. అంకురం కంకిగా మారే దశ దాటితే ఇక గొట్టాలు రావు. అందుకే ముందుగా నాటిన మడి చాలావరకు తప్పించుకుంటుంది, ఆలస్యంగా నాటిన మడి దొరికిపోతుంది.

మొక్కల మీద ఇలా బుడిపెలు, గొట్టాలు పుట్టించే జీవులు చాలా ఉన్నాయి. కానుగ ఆకుల మీద పొక్కుల్లా కనిపించేవి కంటికి ఆనని నల్లి పని. వాటివల్ల చెట్టు చావదు, భయపడి కొట్టేయనక్కర్లేదు. మన ఇళ్లలో పసిపిల్లలకు అరగదీసి పెట్టే మాచికాయ కూడా నిజానికి కాయ కాదు, ఎక్కడో ఓక్ చెట్టు కొమ్మ మీద చిన్న కందిరీగ వల్ల పుట్టిన బుడిపె. వరిలో సంగతి వేరు. ఇక్కడ పురుగు చేరేది అంకురంలోకే, పోయేది కంకే.

మరి దీనికి మందు లేదా అంటే, అసలు మందు విత్తనంలోనే ఉంది. ఉల్లికోడును తట్టుకునే రకాలను మన శాస్త్రవేత్తలు యాభై ఏళ్లుగా తయారు చేస్తూనే ఉన్నారు. సురేఖ, ఫల్గుణ 1970ల్లోనే వచ్చాయి. వరంగల్, జగిత్యాల పరిశోధనా స్థానాలు ఈ పని మీద ఎంత చెమట ఓడ్చాయో పాత రైతులకు తెలుసు. సన్నబియ్యం కావాలంటే ఉల్లికోడుకు తలవంచాల్సిందేనన్న మాట కూడా తప్పు. జగిత్యాల సన్నాలు, వరంగల్ నుంచి వచ్చిన సిద్ధి, రెండూ సన్నాలే, రెండూ దీన్ని తట్టుకోవడానికి తయారైనవే. బాపట్ల నుంచి 1986లో వచ్చి మనందరి కంచంలోకి చేరిన సాంబ మసూరికి మాత్రం ఆ శక్తి లేదు. రుచిలో దానికి సాటి లేదు, నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆలస్యంగా నాటే రైతు దాన్ని ఎంచుకునేటప్పుడు ఈ సంగతి తెలిసి ఎంచుకోవాలి కదా.

ఇంకో చిక్కు ఉంది. ఉల్లికోడు ఒక్కటే రకం కాదు. పైకి ఒకేలా ఉన్నా, ఏ వరి రకం మీద బతకగలవు అన్నదాన్ని బట్టి మన దేశంలో ఏడు రకాలుగా గుర్తించారు. 1980ల్లో శ్రీకాకుళంలో ఫల్గుణ లొంగిపోయింది ఇలాంటి కొత్త రకానికే. వరంగల్ వైపు ఉన్నది మళ్లీ వేరు. ఒక జిల్లాలో నిలబడ్డ విత్తనం ఇంకో జిల్లాలో నిలబడుతుందని నమ్మకం లేదు.

ఇక అసలు విషయం. విత్తనం సంచి మీద చీటీ చూడండి. మొలక శాతం ఉంటుంది, శుద్ధత ఉంటుంది, పరీక్ష చేసిన తేదీ, గడువు తేదీ ఉంటాయి. ఉల్లికోడును తట్టుకుంటుందా లేదా అన్న ఒక్క ముక్క ఉండదు. దుకాణంలో అడిగితే "అన్నీ తట్టుకుంటది" అనే జవాబే. 2024 వానాకాలం నుంచి తెలంగాణ ప్రభుత్వం సన్న వడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ఇస్తోంది. మంచి పని, కాదనను. దానివల్లే నాలాంటివాళ్లు దొడ్డు వడ్లు వదిలి సన్నాలకు మారారు. బోనస్ ఇవ్వడానికి గింజ పొడవు, వెడల్పు కొలుస్తున్నారు. ఏ రకం ఏ పురుగుకు లొంగుతుందో చెప్పే బాధ్యత కూడా దాంతోపాటే తీసుకోవాలి. కంకే రాని పిలకకు బోనస్ ఎక్కడిది?

వ్యవసాయ శాఖను నేను అడిగేది కొండంత పని కాదు. బోనస్‌కు పనికొచ్చే సన్న రకాల జాబితాలో ఒక్క గడి పెంచి, ప్రతి రకం ఎదురుగా ఉల్లికోడును తట్టుకుంటుంది, తట్టుకోదు, ఫలానా జిల్లాల్లో తట్టుకుంటుంది అని రాయండి. ప్రైవేటు కంపెనీల రకాలైతే మన పరిశోధనా స్థానాల్లో పరీక్షించాకే రాయండి, కంపెనీ చెప్పిన మాట రాయకండి. అదే ముక్క సంచి మీద తెలుగులో, కళ్లద్దాలు లేకుండా చదవగలిగేంత అక్షరాల్లో వేయించండి. తట్టుకోని రకమైతే కింద ఇంకో రెండు లైన్లు చాలు: జూలై దాటాక నాటవద్దని ఒకటి, నారు పీకడానికి వారం ముందు 5 సెంట్ల నారుమడికి 800 గ్రాముల కార్బోఫ్యూరాన్ గుళికలు వేయాలని ఒకటి. ఆ 800 గ్రాములు నారుమడిలో వేసి ఉంటే నా పొలంలో రెండు విడతలు సంచులకు సంచులు గుళికలు చల్లే అవసరం పడేది కాదేమో. గొట్టంలోని పురుగును లోపలే చంపే మేలు చేసే చిన్న కందిరీగలు కూడా మళ్లలో ఉంటాయట. అవసరం తీరాక గుడ్డిగా చల్లే మందుకు ముందు పోయేది అవే.

రోహిణి కార్తెలో నార్లు పోయడం మొదలవుతుంది. ఆ జాబితా అంతకుముందే మా రైతు వేదిక గోడ మీద అంటించి ఉండాలి. వినాయక చవితి నాటికి వస్తే మాకు పనికిరాదు, అప్పటికే గొట్టాలు పడి ఉంటాయి.

ఇట్లు,
ఒక వరి రైతు,
జగిత్యాల జిల్లా